కోడి ఉడికేలోగా

అంకాపూర్ వెళ్లొచ్చిన మిత్రుడు ఫోన్లో నాటుకోడి కూరను ఒకటే పొగిడాడు. సిద్ధుల గుట్ట ఎక్కావా అనడిగితే, "టైమ్ యాడుందన్నా, ఫోన్లనే ఆర్డర్ చెప్పి డిక్కీల పెట్టుకొని వచ్చినం" అన్నాడు. ఒళ్లు మండింది. కూరను వండిన ఊళ్లోనే తినాలని ఈ కాలమ్‌లో నేనెంత మొత్తుకున్నానో మీకు తెలుసు. అంకాపూర్ పక్కనే ఆర్మూర్, అక్కడే ఆ గుట్ట. ఎవరో పేర్చిపెట్టినట్టున్న నల్లబండలు, నవనాథులు తపస్సు చేశారని చెప్పుకునే గుహ, నడుం వంచితే గానీ దారివ్వని సందు. అవన్నీ వదిలేసి ముక్కల కోసం పరుగా!

అసలు ఆ వైపు వెళ్తే మాఘంలో వెళ్లాలి, పసుపు ఉడికేటప్పుడు. వానాకాలం మొదట్లో నాటిన పంట సంక్రాంతి దాటాక తవ్వుతారు. కొమ్ములు వేరు, మండలు వేరు. ఒకప్పుడు పెద్ద కడాయిల్లో ఉడికేది, ఇప్పుడు ఎక్కువగా ఆవిరి డ్రమ్ముల్లో. కడాయిలోనైతే నురుగు పొంగి, ఘాటైన వాసన లేచాక పుల్ల గుచ్చి చూస్తారు. సులువుగా దిగితే ఉడికినట్టు. ఎక్కువైతే రంగు పోతుంది, తక్కువైతే ఎండాక పెళుసెక్కుతుంది. కళ్లంలో రోజుల తరబడి ఎండిన కొమ్ము విరిస్తే టంగుమనాలి. ఇంతా చేసి ఇంట మిగిలేది కూరలోకి, కాల్చిన కోడికి పూయడానికి ఒక డబ్బా. తక్కినదంతా బస్తాల్లో నిజామాబాద్ యార్డుకు, అక్కడ ధర నచ్చకపోతే సాంగ్లీకి. ఆ ధర కోసం, పసుపు బోర్డు కోసమే 2019లో 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభ బరిలో దిగారు. ఆ బోర్డు వచ్చేసరికి 2025 అయింది.

ఇక్కడిదాకా రాశాక నా కోపంలో పస తగ్గింది. పసుపు సాంగ్లీకి పోతుంది. ఇక్కడే పండే ఎర్రజొన్న విత్తనం ఉత్తరాది పశువుల మేతకు పోతుంది. పండించింది పంపించి బతికే సీమకు పార్సిల్ తప్పెలా అవుతుంది? కోడి వండి, అన్నంతో సహా మూటగట్టిచ్చే ఇంటివాళ్లకు నేను అక్కడ కూర్చుని తింటే ఏం, హైదరాబాద్‌లో తింటే ఏం? ఊళ్లోనే తినాలన్న పట్టుదల వాళ్లది కాదు, నాది.

గుట్ట సంగతి వేరు, దాన్నెవరూ మూటగట్టలేరు. నాటుకోడి ఎలాగూ తొందరగా ఉడకదు. ఆర్డర్ చెప్పేసి ఆర్మూర్ వెళ్లి, గుట్టెక్కి దిగి, నిక్షేపంగా పార్సిలే కట్టించుకోండి. ఎండాకాలమైతే మాత్రం పొద్దున్నే ఎక్కాలి. పది దాటితే ఆ నల్లబండలు కాలు పెట్టనివ్వవు.