శాతాల గడిలో మనం

కరకంబాడి పేరు చెబితే మన జిల్లాలో ఎవరికైనా బ్యాటరీలే గుర్తొస్తాయి. అమరరాజా సంస్థ 1985లో పుట్టింది. ఈ చుట్టుపక్కల వేలమందికి పని ఇచ్చింది, బడులు పెట్టింది. కాదనలేం. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లి ఫ్యాక్టరీలను మూసేయమని ఉత్తర్వులిచ్చింది. మేము నిబంధనలు పాటిస్తూనే ఉన్నామని సంస్థ కోర్టుకు పోయింది. వారం తిరక్కుండానే హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని ఆపింది. సంస్థ యజమానుల ఇంట్లో ఒకరు అప్పుడు ఎంపీ. అందుకని అందరం దాన్ని పార్టీల గొడవగానే మాట్లాడుకున్నాం. సీసం సంగతి పక్కకు పోయింది.

ఈ బ్యాటరీలకు ప్రాణం సీసమే. ఒంట్లోకి పోతే ఎముకల్లో ఏళ్లతరబడి ఉండిపోతుంది, పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. జాగ్రత్త లేనిచోట పనివాళ్ల బట్టల మీది దుమ్ముతో ఇంటికీ వస్తుంది.

ఇప్పుడు నివేదికల సంగతి. 2022-23 నుంచి దేశంలోని వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద ఏటా నివేదిక ఇవ్వాలని సెబీ నియమం. అందులో ఒక గడి ఉంది: సామాజిక బాధ్యత పనులతో ఎంతమంది లబ్ధి పొందారు, వారిలో అట్టడుగు వర్గాలు ఎంత శాతం? యానాది, ఎరుకల, సుగాలి, అందరూ ఆ ఒక్క అంకెలో కరిగిపోతారు. ఆ గడి నింపడం కూడా తప్పనిసరి కాదు!

నా అభ్యంతరం 'లబ్ధిదారు' అన్న మాట మీద. లబ్ధిదారు సంచి అందుకుంటాడు, ఫోటోకు నిలబడతాడు. అడిగేవాడు కాడు. 2013 కంపెనీల చట్టం అడిగేది లాభంలో నూటికి రెండు రూపాయలు. మిగతా తొంభై ఎనిమిది ఏ నీళ్లు తాగి, ఏ గాలిని వాడి వచ్చాయన్నది ఫోటోల్లో కనబడదు.

అయితే అదే నివేదికలో తప్పనిసరిగా జవాబివ్వాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: చుట్టుపక్కల జనం ఫిర్యాదులను ఎలా తీసుకుంటున్నారు, ఎలా పరిష్కరిస్తున్నారు? మనకు పనికొచ్చేది ఇదే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో షెడ్యూల్డు ప్రాంతమే లేదు, పీసా చట్టం గ్రామసభకిచ్చే హక్కులు మన తండాలకు, యానాది కాలనీలకు రావు. నేను చూసిన నివేదికలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయ్యవార్లు పదో తరగతి పిల్లలచేత ఆ ఒక్క పేజీనైనా తెలుగు చేయించండి. చేశాక దాన్ని కాలనీలో చదివి వినిపించి, ఇందులో రాసినట్టు ఎవరైనా వచ్చి మన మాట విన్నారా అని పెద్దవాళ్లను అడగమనండి.