పటేల్ షాట్, సంఘం షాట్: స్క్రీన్‌ప్లే ఎవరి చూపు?

షార్ట్‌ఫిల్మ్‌కు స్క్రీన్‌ప్లే ఎట్లా రాయాలో నేర్పే పుస్తకాలు దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: ముందు కాగితం మీద పెట్టు. పేజీకి ఒక నిమిషం లెక్క, ఒక పాత్ర, ఒక కోరిక, ఒక అడ్డంకి, చివర ఒక మార్పు. ఈ సూత్రాలు పనికిరానివని మేం అనడం లేదు. కాకపోతే ఆ కాగితం ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉందో, ఎవరి చేతికి అందకుండా పోయిందో ఆ పుస్తకాలు అడగవు. అక్షరాన్ని తరతరాలుగా కులం కాపలా కాసిన దేశంలో ఈ ప్రశ్నను పక్కనబెట్టి స్క్రీన్‌ప్లే గురించి మాట్లాడటం కుదరదు.

1938 నాటి 'మాలపిల్ల'నే చూడండి. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ఆ రోజుల్లో అది సాహసమే, కాదనం. అయినా బ్రాహ్మణ యువకుడు మాల అమ్మాయిని ప్రేమించడమే ఆ కథకు ఇరుసు. ఊరు మారితే తప్ప వాడ కథ ముందుకు నడవదు. సానుభూతికి కొదవ లేదు, వాడలో నిలబడి ఊరిని చూసే కన్నే లేదు. తర్వాత వచ్చిన 'అభ్యుదయ' సినిమాల్లో ఎక్కువ భాగం ఈ దారినే నడిచాయి. దళితుడు బాధపడతాడు, వేరెవరో మేలుకుంటారు.

ఈ దారి తప్పించినవాళ్లు జహీరాబాద్ పక్కనే ఉన్నారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. జొన్న, కొర్ర, సామ పండించే చిన్న కమతాల వాళ్లు, కూలికి పోయేవాళ్లు. 1990ల చివర వీళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. సంస్థ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ (2023లో చనిపోయారు) టెలివిజన్ రంగం నుంచి వచ్చినవాడు. శిక్షణలో ఆయన పాత్ర పెద్దదే. అయితే ఇంగ్లీషు పారిభాషిక పదాలను పక్కనబెట్టి ఆ స్త్రీలు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ ఎప్పుడూ మనల్ని అట్లనే చూస్తాడు. కంటికి కన్ను సమానంగా చూసేది సంఘం షాట్. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూసుంటరు.

వీళ్ల గురించి రాసిన పత్రికలు 'నిరక్షరాస్య మహిళలు సినిమా తీస్తున్నారు' అని ఆశ్చర్యపోయి అక్కడే ఆగాయి. ఈ ఆశ్చర్యం మీద మాకు అనుమానం ఉంది. అద్భుతం అని పక్కనబెడితే అందులోని ఆలోచనను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు గదా! కెమెరా ఎత్తులో అధికారం ఉంటుందని సినిమా శాస్త్రం ఎప్పటినుంచో చెబుతోంది. ఆ అధికారానికి మన ఊళ్లో ఉన్న పేరేమిటో చెప్పింది మాత్రం ఈ స్త్రీలు. ఇది సిద్ధాంతమే.

వాళ్ల స్క్రీన్‌ప్లే కాగితం మీద లేకపోతే ఎక్కడుంది? సాగులో ఉంది. 2002లో దేశంలో మొదటిసారి బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ ఏడాది వరంగల్ రైతులు వేసిన పంట వెంట తిరిగి తీసిన సినిమా 2003లో వచ్చింది. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకన్నదే దాని పేరు. పేరులోనే ప్రశ్న ఉంది, ప్రశ్నలోనే కథనం ఉంది. విత్తనం కొన్ననాటి ఆశ, మందు కొట్టిన ఖర్చు, చివర చేతికొచ్చిన దిగుబడి: మొదలు, మధ్య, ముగింపు పంటే ఇచ్చింది. ఒక్క ఏడాదితో వదలక మూడేళ్ల లెక్కతో 2005లో మరో సినిమా తెచ్చారు. డీడీఎస్ బీటీ విత్తనాన్ని వ్యతిరేకించిన సంస్థ. ఇవి పక్షం వహించిన సినిమాలే. ప్రేక్షకుడు అది తెలిసే చూడాలి. కానీ అదే వెన్నెముక మీద రావాల్సిన సినిమా ఇంకొకటుంది: ఆ పత్తి ఏరిన కూలి మనిషిది, ఆమె కులానిది. 'మహిళా రైతు' అనే మంచి మాట వెనక మాదిగ, మాల పేర్లు కనబడకుండా పోకూడదు.

ఇప్పుడు జహీరాబాద్ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఏం తీయాలి? న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,635 ఎకరాల్లో తలపెట్టిన నిమ్జ్ పారిశ్రామిక మండలి ఉంది. 2016లో కేంద్రం ఆమోదించింది. సేకరించే భూముల్లో అసైన్డ్ భూములూ ఉన్నాయి. దీని మీద పది నిమిషాల కథ ఊహించుకుందాం. మామూలు రచయిత జీపు, దుమ్ము, ఆఫీసరుతో మొదలుపెడతాడు. ఏడుపుతో ముగిస్తాడు. మనం ఈతబుట్టలో బూడిద కలిపి విత్తనం దాచుకునే మాదిగ అవ్వతో మొదలుపెడదాం. నోటీసు వస్తుంది. ఆమెకు చదువు రాదు. మొదట దుకాణం సేటు సగం చదివి 'సంతకం పెట్టు' అంటాడు. పటేల్ షాట్. తర్వాత మనవరాలు చదువుతుంది. అక్షరాలు తెలుసు, ఆఫీసు మాటలు తెలియవు. మూడోసారి సంఘంలో అందరి మధ్య చదువుతారు. కెమెరా వాళ్ల కంటి ఎత్తుకు వస్తుంది. అవ్వ ఒక్కటే అడుగుతుంది: "ఈ కాయిదంల నా పేరేడుంది?" అక్కడ ఆపాలి. ఒక వస్తువు, మూడు చదువులు, ప్రతిసారీ పెరిగే ప్రమాదం, చివర ఒక ప్రశ్న. పుస్తకాల సూత్రాలన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరూ ఆమెను ఉద్ధరించలేదు.

ఇది సాధ్యమేనని పొరుగు మహారాష్ట్ర చూపించింది. వడ్డెర కులం నుంచి వచ్చిన నాగరాజ్ మంజులే బడి కోసం ఆశపడే పిల్లవాడి మీద 'పిస్తుల్యా' అనే షార్ట్‌ఫిల్మ్ తీసి 2010 సంవత్సరానికి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. తర్వాత 'ఫండ్రీ' చివర అందులోని పిల్లవాడు విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికే వస్తుంది. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో అడిగే రాయి అది.

ఆ ప్రశ్న మనకూ తగులుతుంది. మన ఇళ్లలో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన తరం మనది. కాగితం ఇప్పుడు మన చేతికొచ్చింది. సొంత వాడ గురించి రాస్తున్నామన్న ధీమాతో, మన తల్లులను జాలిపడాల్సిన బొమ్మలుగా చూపిస్తే అది కూడా పటేల్ షాటే. స్క్రీన్‌ప్లే రాసే ప్రతివాళ్లూ మొదటి సీనుకు ముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది: కెమెరా ఎంత ఎత్తున ఉంది, ప్రశ్న అడిగే హక్కు ఎవరికుంది? రాసినదాన్ని వాడలో చదివి వినిపించాలి. వాళ్లు 'గిట్ల కాదు' అంటే మార్చాలి.