శామీర్‌పేట పుస్తకం, రాంపుర పుస్తకం

సోషియాలజీ తరగతిలో భారతీయ గ్రామం పాఠం మొదలైతే రెండు పేర్లు జంటగా వినిపిస్తాయి: శ్యామా చరణ్ దూబే, ఎం.ఎన్. శ్రీనివాస్. దూబే 'ఇండియన్ విలేజ్' 1955లో లండన్‌లో అచ్చయింది. అదే ఏడాది శ్రీనివాస్ సంపాదకుడిగా 'ఇండియాస్ విలేజెస్' వ్యాస సంపుటి వచ్చింది, అందులో దూబే వ్యాసం ఉంది. మెక్‌కిమ్ మారియట్ కూర్చిన 'విలేజ్ ఇండియా' కూడా ఆ ఏడాదిదే, అందులో శ్రీనివాస్ వ్యాసం ఉంది. శ్రీనివాస్ తాను పరిశోధించిన ఊరి మీద పూర్తి పుస్తకం తెచ్చింది మాత్రం 1976లో. దాని పేరు 'ది రిమెంబర్డ్ విలేజ్'.

పరీక్ష కోసం చదివేవాళ్లు వీటిని ఒకే జాతి పుస్తకాలుగా గుర్తుపెట్టుకుంటారు. నాకు అవి ఒకదానితో ఒకటి వాదిస్తున్న పుస్తకాలుగా కనిపిస్తాయి. ఆ వాదం తెలుగువాళ్లకు దగ్గరిది, ఎందుకంటే రెంటిలో ఒకటి మన నేల మీద పుట్టింది. దూబే రాసిన ఊరు హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట. శ్రీనివాస్ ఊరు మైసూరు ప్రాంతంలోని రాంపుర.

రెండు పనులూ నడిచిన తీరులోనే తేడా మొదలవుతుంది. దూబే మధ్యభారతానికి చెందిన హిందీవాడు. కమార్ గిరిజనుల మీద పుస్తకం రాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా ఉన్న రోజుల్లో శామీర్‌పేట పని చేపట్టాడు. 1951-52లో ఉస్మానియా చేపట్టిన గ్రామసేవా ప్రాజెక్టులో వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య వంటి విభాగాల వాళ్లు కలిసి ఊళ్లోకి దిగారు. మందులిచ్చేవాళ్లు ఒకవైపు, పశువులను చూసేవాళ్లు మరోవైపు, కుటుంబాల వివరాలు రాసుకునేవాళ్లు ఇంకోవైపు. అందుకే పుస్తకంలో ఒక మనిషి కంట పడగలిగినదానికంటే ఎక్కువ సమాచారం ఉంది. సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, ఆచారాల నిర్మాణం, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణాలు, కలిసి బతకడం, మారుతున్న దృశ్యం - అధ్యాయాల వరుస చూస్తేనే ఊరిని ఏ మూలా వదలకుండా పట్టుకోవాలన్న పట్టుదల తెలుస్తుంది.

శ్రీనివాస్ ఒంటరిగా వెళ్లాడు. బొంబాయిలో ఘుర్యే దగ్గర, ఆక్స్‌ఫర్డ్‌లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఇవాన్స్-ప్రిచర్డ్‌ల దగ్గర చదువుకుని, 1948లో రాంపుర చేరాడు. తన పూర్వీకుల మూలాలున్న ప్రాంతమది, ఊరి భాష ఆయనకు వచ్చు. ఊరి పటేలుకు చెందిన ఎడ్ల కొట్టం ఇంట్లో బస. 1952 వేసవిలో మళ్లీ వెళ్లి కొన్నాళ్లు ఉన్నాడు. తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు ఆ నోట్సును విడదీసి, వర్గీకరించి, మూడు ప్రతులుగా తయారు చేసుకున్నాడు. 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న పరిశోధనా కేంద్రానికి ఎవరో నిప్పంటించారు. మూడు ప్రతులూ అక్కడ ఆయన గదిలోనే ఉన్నాయి, మూడూ కాలిపోయాయి. మూల డైరీలు ఢిల్లీలో ఉండడం వల్ల దక్కాయి గానీ, వర్గీకరించిన శ్రమంతా బూడిదయింది. జ్ఞాపకంలో ఉన్నదాన్నే రాయమని మానవశాస్త్రవేత్త సోల్ టాక్స్ సలహా ఇచ్చాడు. పుస్తకం పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఈ నష్టం శ్రీనివాస్ రచనను మార్చేసింది. నోట్సు ఉండి ఉంటే ఆయన కూడా దూబే లాగే అధ్యాయాల వారీగా కులాలు, పంటలు, పండుగలు పేర్చి ఉండేవాడని నా అనుమానం. ఆయన అంతకుముందు కొడగుల మీద రాసిన పుస్తకం ఆ పద్ధతిలోనే ఉంది. జ్ఞాపకం పట్టికలను నిలుపుకోదు, మనుషులను నిలుపుకుంటుంది. రాంపుర పుస్తకంలో ముగ్గురు ముఖ్యుల కోసమే ఒక అధ్యాయం ఉంది: ఊరి పటేలు, కుళ్లే గౌడ, నాడు గౌడ. వాళ్ల గొప్పలు, పట్టింపులు, పోట్లాటలు, మాట తీరు అన్నీ కళ్లకు కడతాయి. స్నేహం, శత్రుత్వం, పరువు, అసూయ, చాడీలు వంటి వాటి మీద ఇంకో అధ్యాయం. సామాజిక శాస్త్ర గ్రంథంలో అసూయకు చోటిచ్చిన రచయితలు ఎంతమంది ఉంటారు? ఊళ్లో పుట్టి పెరిగినవాడెవడైనా, ఊరిని నడిపేవాటిలో అసూయ ఒకటని ఒప్పుకుంటాడు.

దూబే పుస్తకంలో అలాంటి మనుషులు నాకు గుర్తుండిపోలేదు. బ్రాహ్మణులు, కోమట్లు, కాపులు, గొల్లలు, సాలెలు, గౌండ్లవాళ్లు, చాకలి, మంగలి, మాల, మాదిగ, ముస్లింలు - అందరూ ఉన్నారు, కానీ కులంగానో వృత్తిగానో ఉన్నారు. ఒక మనిషి లేచి వచ్చి మాట్లాడడం అరుదు. వాక్యం నిదానంగా, తూచినట్టు సాగిపోతుంది. ఆ నిదానంలో ఒక మర్యాద ఉంది, ఊరిని వింతగా చూపించాలన్న యావ ఎక్కడా లేదు. పోచమ్మ, మైసమ్మల కొలుపులు, బతుకమ్మ, పీర్ల పండుగలో హిందువులు పాల్గొనడం, ఇవన్నీ పరాయివాడి ఆశ్చర్యం లేకుండా ఇళ్లలో జరిగే సంగతుల్లా వస్తాయి. తెలంగాణ పాఠకుడికి తన అమ్మమ్మ కాలం నాటి ఇల్లు కనబడుతుంది. పేదింటివాళ్లు ఏం తిన్నారు, కలిగినవాళ్లు ఏం కట్టారు అన్న జీవన ప్రమాణాల అధ్యాయానికి సాటి వచ్చేది శ్రీనివాస్ పుస్తకంలో లేదు. ఈ ఒక్క అధ్యాయం కోసమైనా మన చరిత్ర విద్యార్థులు ఈ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోవాలి.

ఇక అసలు వాదం దగ్గరికి వస్తాను.

'ఆధిపత్య కులం' అనే భావనను శ్రీనివాస్ రాంపుర అనుభవంలోంచి తీశాడు. ఊళ్లో సంఖ్యాబలం ఉండి, భూమి చేతిలో ఉండి, ఆచారపు నిచ్చెనలో మరీ కిందికి పడిపోని కులం మిగతావాళ్ల మీద పెత్తనం చేస్తుంది. రాంపురలో ఆ కులం ఒక్కలిగులు. 1959లో దీని మీద విడిగా ఒక వ్యాసం కూడా రాశాడు. చదువు, ఉద్యోగాలు కూడా ఆ బలానికి తోడవుతాయని చెప్పాడు. అప్పటి నుంచి ఈ మాట విశ్వవిద్యాలయం దాటి వార్తాపత్రికల్లోకి, ఎన్నికల విశ్లేషణల్లోకి వచ్చింది. ఆంధ్ర రాజకీయాలను రెడ్డి, కమ్మ ఆధిపత్యంగా వివరించే ప్రతి వ్యాసం వెనకా, తెలిసో తెలియకో, రాంపుర ఉంది.

దూబే శామీర్‌పేటలో చూసింది వేరు. ఊళ్లో ఒక మనిషి స్థాయిని నిర్ణయించే అంశాలు ఆరని ఆయన లెక్క: మతం-కులం, భూమి, సంపద, ప్రభుత్వ ఉద్యోగంలోనో ఊరి వ్యవస్థలోనో హోదా, వయసు, వ్యక్తిగత లక్షణాలు. కులం ఆ ఆరింటిలో ఒకటి. ఊరి వ్యవస్థకు పైన దేశ్‌ముఖ్ ఉన్నాడు. 1968లో దూబే 'కాస్ట్ డామినెన్స్ అండ్ ఫ్యాక్షనలిజం' అనే వ్యాసంలో శ్రీనివాస్ భావననే నేరుగా ప్రశ్నించాడు. అధికారం ఆ కులమంతటా పరచుకుని ఉండి, కులం మొత్తానికో కనీసం ఎక్కువమందికో మేలు చేస్తేనే దాన్ని ఆధిపత్య కులం అనాలి. ఆ కులంలోనే కొందరు కోటీశ్వరులూ కొందరు కూలీలూ ఉంటే, పెత్తనం చేసేది కులం కాదు, కొందరు వ్యక్తులు, వాళ్ల ముఠాలు. ఆయన వాదన సారం ఇది.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఈ ప్రశ్న నేలను బట్టి మారుతుందని నా నమ్మకం. రాంపుర రైతు ఊరు. కాలువ నీళ్ల కింద వరి, చెరకు పండే నేల, భూమి అనేకమంది ఒక్కలిగ కుటుంబాల చేతుల్లో ఉంది. పటేలు పెద్దవాడే అయినా తన కులంవాళ్లను వదిలి బతకలేడు, వాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. అక్కడ పెత్తనానికి కులం ముఖం ఉండడం సహజం. నిజాం రాజ్యంలో చాలాచోట్ల కథ ఇది కాదు. జాగీర్లు, దేశ్‌ముఖ్‌ల వతన్లు, వెట్టి చాకిరీ, ఊరిలో గడీ, గడీలో దొర. దొర కులానికే చెందిన చిన్న రైతు కూడా ఆ గడీ ముందు చెప్పులు విడిచి నిలబడ్డవాడే.

దీనికి తెలంగాణ చరిత్ర కంటే గట్టి సాక్ష్యం లేదు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి రెడ్డి. ఆ దొరల మీద రైతులను కూడగట్టిన రావి నారాయణరెడ్డి రెడ్డి, బద్దం ఎల్లారెడ్డి రెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి రెడ్డి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమ. పాలకుర్తిలో తన పొలం పంటను దొరకు దక్కనివ్వని ఐలమ్మ చాకలి. ఒక కులం పెత్తనంగా దీన్ని చదివితే తెలంగాణ రైతాంగ పోరాటంలో సగం అర్థం కాకుండా పోతుంది. దూబే 1968 వాదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఆయన మాత్రం దీన్ని వాడుకోలేదు, ఆ వ్యాసానికి మధ్యభారత గ్రామాలను తీసుకున్నాడు. శామీర్‌పేట పని మొదలైన 1951లోనే, అక్టోబరులో, కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. అప్పటికి నిజాం రాజ్యం మీద 1948 సెప్టెంబరు పోలీసు చర్య జరిగి మూడేళ్లు. నిజమే, శామీర్‌పేట నల్లగొండలోనో వరంగల్‌లోనో లేదు, పోరాటానికి గుండెకాయ అది కాదు. అయినా కూతవేటు దూరంలో జరిగిన అంత పెద్ద కదలికకు ఈ పుస్తక నిర్మాణంలో కేంద్రస్థానం లేకపోవడం నాకు మింగుడుపడదు. ఊరిని కదలని వ్యవస్థగా గీసి, మార్పును చివరి అధ్యాయానికి వదిలేసే పద్ధతిదే ఆ తప్పు. ఆ కాలపు మానవశాస్త్రమంతా అదే అచ్చులో పోతపోసింది.

అయితే శ్రీనివాస్ భావన తప్పు అనలేం. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడ్డాక, దొరల అధికారం పలచబడ్డాక, ఓట్ల రాజకీయాలు వచ్చాక, కోస్తాలో కాలువల కింద లాభపడ్డ రైతు కులాల విషయంలో రాంపుర నమూనానే ఎక్కువ పనికొచ్చింది. కృష్ణా డెల్టాకు శ్రీనివాస్ సరిపోతాడు, గడీల తెలంగాణకు దూబే సరిపోతాడు. మనవాళ్లు రెండు ప్రాంతాలకూ ఒకే మాట అతికించడం వల్ల విశ్లేషణలు పొరబడుతున్నాయి.

ఇద్దరూ వెళ్లలేని చోటొకటి ఉంది. అది దళితుల వాడ. శ్రీనివాస్ బ్రాహ్మణుడు, ఉన్నది పటేలు ఇంట్లో. ఊరివాళ్లు ఆయన బ్రాహ్మణుడిలా నడుచుకోవాలని ఆశించారు. స్నానం తర్వాత గడ్డం గీసుకోవడం కూడా వాళ్లకు తప్పుగా తోచింది. తన చూపు అగ్రకులాల ఇళ్ల నుంచి సాగిందని, దళితుల బతుకు తనకు తక్కువ తెలిసిందని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు వల్ల పుస్తకానికి విలువ పెరిగింది, కానీ లోటు పూడలేదు. దూబే అలా తన చోటేమిటో చెప్పడు. మాదిగలు చచ్చిన పశువులను తీసుకుపోతారు, డప్పు కొడతారు అని సరిగ్గానే రాస్తాడు. ఆ పని చేస్తున్నవాడికి ఊరు ఎలా కనిపించిందో మాత్రం ఆ పుస్తకంలో దొరకదు. శ్రీనివాస్ రాంపురలో ఉన్న 1948లోనే, నవంబరు 4న, అంబేడ్కర్ రాజ్యాంగ సభలో నిలబడి భారతీయ గ్రామాన్ని అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నిలయమని నిరసించాడు. ఆ మాటకు ఈ రెండు పుస్తకాలలో దేనిదగ్గరా సమాధానం లేదు.

తూచి చెప్పమంటే, పుస్తకంగా శ్రీనివాస్‌ది గొప్పది, పరిశోధనగా దూబేది నమ్మదగింది. రాంపుర మారుపేరు, మనుషుల పేర్లు కూడా మార్చినవే. జ్ఞాపకం ఎక్కడ మెరుగులు దిద్దిందో బయటివాడు తేల్చుకునే దారి తక్కువ. ఆ పుస్తకం వచ్చినప్పుడు జ్ఞాపకం సాక్ష్యమవుతుందా అని పండితులు అడిగింది అందుకే. దూబే ఊరి అసలు పేరుతోనే అచ్చు వేశాడు. తప్పు రాస్తే పట్టుకునేందుకు ఎవరైనా సికింద్రాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లొచ్చు. ఈ జవాబుదారీతనం నా దృష్టిలో చిన్న గుణం కాదు.

ఇప్పుడు శామీర్‌పేట మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. పక్క నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది, పొలాలు ప్లాట్లయ్యాయి. దూబే చెప్పిన ఆరు అంశాల్లో ఇప్పుడు ఏవి నిలిచాయి? భూమి అమ్ముకున్న కాపు ఏమయ్యాడు? వాడ నుంచి చదువుకుని వెళ్లినవాళ్లు ఎక్కడ తేలారు? సోషియాలజీ, ఆంత్రొపాలజీ చదువుతున్న మన పిల్లలకు, వాళ్లకు అంశాలు ఇచ్చే గురువులకు నా విన్నపం ఒక్కటే. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివి, శామీర్‌పేటకు మళ్లీ వెళ్లండి. ఈసారి బస వాడలో పెట్టండి, ఎక్కడ ఉన్నారో మొదటి పేజీలోనే రాయండి, పుస్తకాన్ని ఆ ఊరివాళ్లు చదువుకోగలిగేలా తెలుగులో రాయండి.