గెయిన్ ఆంప్‌లో ఉంది, పికప్‌లో వెతక్కండి

లీడ్ గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ముందుండేది పికప్ గురించే. "డిస్టార్షన్ బాగా రావాలి సార్, అన్నిటికన్నా హాట్ పికప్ ఏటి సార్?" అంటారు. గాజువాక నుంచి వచ్చినా, మధురవాడ నుంచి వచ్చినా అడిగేది ఇదే. హై గెయిన్‌లో లీడ్ వాయించాలంటే మధ్యరకం ఔట్‌పుట్ ఉన్న పికప్పే మేలని నేను చెబుతాను. వినగానే మొహాలు చిన్నబోతాయి. అందుకే ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాను.

పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని పక్కనో చుట్టూనో వేల చుట్లు చుట్టిన రాగి వైరు. ఎక్కువగా వాడే వైరు మందం 0.06 మిల్లీమీటర్లు. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదిరి, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. నైలాన్ తీగను ఎంత గట్టిగా మీటినా ఈ పికప్‌కి పట్టదు, దానికి ఉక్కో నికెలో కదలాలి. మన చేతి వేలు తీగ మీద చేసే ప్రతి పని, మీటు బలం, కంపనం, తీగను లాగే తీరు, మొదట నమోదయ్యేది ఇక్కడే. ఇక్కడ జారిపోయినదాన్ని తరవాత వచ్చే పెడల్ గానీ, ఆంప్ గానీ తిరిగి తేలేవు.

మరి హాట్ పికప్‌లు, అంటే ఔట్‌పుట్ ఎక్కువ ఉన్నవి, ఎందుకు పుట్టాయి? 1972లో లారీ డిమార్జియో 'సూపర్ డిస్టార్షన్' అనే పికప్‌ను తెచ్చాడు. సెరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు, పెద్ద ఔట్‌పుట్. ఆనాటి వాల్వ్ ఆంప్‌లలో ఇప్పుడున్నంత గెయిన్ లేదు. వాటిని గట్టిగా తోసి, వాల్వ్‌లు చిట్లిన శబ్దం పలికించాలంటే గిటార్ వైపు నుంచే బలం రావాలి. ఆ అవసరానికి అది సరైన జవాబు. ఇవాళ చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లోనూ, మోడలింగ్ పెడల్‌లోనూ మనం సగం కూడా వాడనంత గెయిన్ ఉంది. దాని ముందు హాట్ పికప్ పెట్టడం నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోయడమే.

గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినదీ గట్టిగా మీటినదీ ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. సస్టెయిన్ పెరుగుతుంది, అది మనకు కావలసిందే. కానీ దాంతోపాటు స్వరం అంచు అరిగిపోతుంది. పికప్ దగ్గరే ఆ అంచు మొద్దుబారి ఉంటే, వేగంగా వాయించిన పది స్వరాలు ఒకే ముద్దగా వినిపిస్తాయి. హాట్ పికప్‌లో జరిగేది అదే. ఎక్కువ చుట్లు చుట్టినకొద్దీ మిడ్ బలపడుతుంది, పై స్థాయి శబ్దాలు తగ్గుతాయి.

రుజువు కావాలంటే పెద్దవాళ్ల గిటార్లే చూడండి. 1978లో వచ్చిన తొలి వాన్ హేలెన్ ఆల్బమ్‌లో ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్‌లో ఉన్నది పాత గిబ్సన్ హంబకర్, అంటే రెండు చుట్టల పికప్. సేథ్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన ఆ రకం, ఇవాళ్టి లెక్కలో ఔట్‌పుట్ తక్కువదే. 1987లో 'అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' రికార్డుకి స్లాష్ వాడిన గిటార్‌లో ఉన్నవి సేమోర్ డంకన్ 'అల్నికో టూ ప్రో'లు. అవీ మెత్తనివే. గెయినంతా ఆంప్ చూసుకుంది, పికప్ వేలు చెప్పిందే చెప్పింది.

కొనేటప్పుడు కుర్రాళ్లు పెట్టె మీద కిలో ఓమ్‌లు చూసి మోసపోతారు. ఎనిమిది కంటే పదహారు రెట్టింపు బలమని లెక్క వేస్తారు. అది వైరు నిరోధం మాత్రమే. సన్నటి వైరు చుట్టితే చాలు, ఆ అంకె పెరుగుతుంది. అయస్కాంతం ఏ రకం, చుట్లెన్ని, వైరు మందమెంత అన్నీ కలిస్తేనే శబ్దం. నన్నడిగితే, బ్రిడ్జి దగ్గర అల్నికో 5 అయస్కాంతంతో ఎనిమిది, తొమ్మిది కిలో ఓమ్‌ల హంబకర్, నెక్ దగ్గర అల్నికో 2తో దానికంటే కాస్త తక్కువది వేయమంటాను. నెక్ దగ్గర తీగ ఎక్కువగా ఊగుతుంది కాబట్టి అక్కడ బలం తగ్గించకపోతే స్వరం ఉబ్బిపోతుంది.

మన ప్రాంతంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్ వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. మామూలు మాండొలిన్‌లో స్వరం పలికిన మరుక్షణమే ఆరిపోతుంది, గమకానికి వ్యవధి చాలదు. ఆ వ్యవధిని ఆయనకు ఇచ్చింది ఎలక్ట్రిక్ వాద్యమే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. ఆయనది డిస్టార్షన్ లేని శుభ్రమైన ధ్వని. అయినా లీడ్ గిటారిస్టు ఆ రికార్డులు కూర్చుని వినాలి. తీగను లాగి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి చేరే దారంతా ఎంత స్పష్టంగా ఉంటుందో గమనించాలి. మన బెండ్‌లో ఆ దారి వినిపించకపోతే అది ఉత్త కేక.

విశాఖలో వాయించేవాళ్లకి రెండు ఇబ్బందులు ఎక్కువ. మొదటిది రొద. ఫంక్షన్ హాల్లో, వినాయక చవితి పందిట్లో, ఎర్తింగ్ సరిగా లేని ప్లగ్గులో గిటార్ పెట్టి గెయిన్ పెంచితే ఆంప్ గుయ్యిమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ రొదలో చెవికి గట్టిగా తగిలేది దాని రెట్టింపు, 100 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ స్వరం 98 హెర్ట్జ్. ఆ స్వరం పట్టుకుని ఆగండి, రొదా స్వరమూ రాసుకుని సెకనుకి రెండుసార్లు ఊగడం వినిపిస్తుంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్‌తో హై గెయిన్ ఇక్కడ కష్టం. రెండు చుట్టలు ఎదురెదురుగా పనిచేసి రొదను కొట్టేసే హంబకర్ తప్పదు. మరీ రొద ఉన్న వేదికల మీదే బతుకు గడిచే ఆర్కెస్ట్రా గిటారిస్టు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్ వేసుకుంటానంటే నేను వద్దనను. అతని అవసరం నిజమైనది.

రెండోది ఉప్పు గాలి. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో తీగలు నెలలోపే గరుకెక్కుతాయి, పికప్ స్క్రూల తలల మీద తుప్పు చుక్కలు లేస్తాయి. చుట్టలోకి చెమ్మ చేరితే సన్నటి రాగి వైరు పచ్చబారి ఒకచోట తెగుతుంది. మల్టీమీటర్ పెడితే రీడింగే రాదు. అందుకని మైనంలో బాగా ముంచి తీసిన పికప్పే కొనండి. హై గెయిన్‌కీ అది అవసరం. మైనం నిండని చుట్టలో వైరు వదులుగా కదిలి, ఆంప్ దగ్గర నిలబడగానే కీచుమంటుంది. ఎడ్డీ తన పికప్‌ను కరిగిన మైనంలో ముంచింది ఈ కీచు ఆపడానికే.

కొత్తది కొనేముందు ఒక పని చేయండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, తీగకూ బ్రిడ్జి పికప్‌కూ మధ్య 2 మిల్లీమీటర్లు, నెక్ పికప్‌కి రెండున్నర ఉండేలా స్క్రూడ్రైవర్‌తో దించండి. నేను చూసిన గిటార్లలో ఎక్కువ వాటికి పికప్ తీగకు మరీ దగ్గరగా ఉంటుంది. బలమైన అయస్కాంతం అంత దగ్గరగా ఉంటే తీగను తనవైపు లాగి, స్వరం తడబడేలా చేస్తుంది, సస్టెయిన్‌నూ తినేస్తుంది. దించాక ఆంప్‌లో గెయిన్ మూడో వంతు తగ్గించండి. గిటార్ మీద వాల్యూమ్ పదినుంచి ఐదుకి తిప్పి, మెల్లగా మీటండి. శబ్దం శుభ్రపడి, మళ్లీ పదికి తిప్పగానే మండితే మీ పికప్ మంచిదే, డబ్బు దాచుకోండి. ఐదులోనూ అదే ముద్దగా ఉంటే అప్పుడు మార్చండి. మార్చేటప్పుడు మాత్రం దుకాణంలో మీ గిటార్, మీ పెడల్‌తోనే, మీకు బాగా వచ్చిన ఒకే పాట వాయించి చూసి కొనండి.