బిందె ఎక్కడ పోయింది? : ఆదివారపు సువిశేష ధ్యానాలపై కొన్ని ప్రశ్నలు

కాథలిక్ గుడిలో ఆదివారం ఏ సువిశేషం చదవాలన్నది విచారణ గురువు ఇష్టం కాదు. దానికి రోము నుంచి వచ్చిన పట్టిక ఉంది. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత 1969లో వెలువడిన ఈ పట్టిక మూడేళ్లకొక చుట్టు తిరుగుతుంది. ఎ సంవత్సరం మత్తయి, బి మార్కు, సి లూకా. యోహాను ఎక్కువగా తపస్కాలంలో, పాస్కా కాలంలో వస్తాడు. అంతకుముందు ఏటా అవే పఠనాలు, పూజలో అవీ లాటిన్‌లోనే. ఆ లెక్కన జనానికి బైబిలు తలుపు కొంత తెరుచుకున్న మాట నిజం. దాన్ని మేము కాదనం.

ఈ పట్టిక వెంబడే ఆగమన కాలం నుంచి క్రీస్తురాజు పండుగ దాకా వారానికొక ధ్యానం చొప్పున రాస్తుంటారు. చిన్న పుస్తకాలుగా, మేత్రాసన పత్రికల్లో శీర్షికలుగా ఇవి వస్తుంటాయి. ఉపదేశులు, మఠకన్యలు వీటిని చూసుకునే మాట్లాడతారు. గురువు రాని పల్లెలో ఇదే ప్రసంగం. తెలుగు కాథలిక్కుల్లో అత్యధికులు మాల మాదిగలు. వాళ్లకందే బైబిలు చాలావరకు ఈ ధ్యానాల గుండానే అందుతుంది. సాహిత్య విమర్శకులు వీటిని సాహిత్యం అనుకోలేదు. ఉద్యమంలో ఉన్నవాళ్లు మతం సంగతి మనకెందుకని వదిలేశారు. 1980ల నుంచి అర్వింద్ నిర్మల్ వంటివారు మొదలుపెట్టిన దళిత వేదాంతం ఎక్కువగా సెమినరీల్లో ఇంగ్లీషులో నడిచిందే గాని ఆదివారపు పేజీలోకి దిగింది తక్కువ.

ఎ సంవత్సరం తపస్కాలం మూడో ఆదివారం చూడండి. యోహాను 4వ అధ్యాయం, సమరియ స్త్రీ కథ. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర యేసు నీళ్లడుగుతాడు. యూదుడివి, సమరియ ఆడదాన్ని నన్నెట్లా అడుగుతావని ఆమె ఎదురడుగుతుంది. ఈ మాటకు మన వాడల్లో వ్యాఖ్యానం అక్కర్లేదు. ఏ బావిలో ఎవరు చేద వేయొచ్చో, ఎవరు దూరంగా దోసిలి పట్టి నిలబడాలో ఒంటి మీద మోసిన జనం గదా! ధ్యానాల్లో ఏముంటుందంటే, నీళ్లు ఆత్మదాహంగా మారతాయి. బావి హృదయమైపోతుంది. ఐదుగురు భర్తల మాట పట్టుకుని ఆమెను పాపాత్మురాలిని చేసి, పాపసంకీర్తనానికి రమ్మనే పిలుపుతో ముగిస్తారు. ఎవరి చెంబు ఎవరు ముట్టుకోవచ్చన్న తగాదా ‘ఆనాటి యూదుల ఆచారం’ కింద రెండు వాక్యాల్లో తేలిపోతుంది. ఆనాటిదట!

పట్టిక ఇంకో పని కూడా చేసింది. పఠనం పొడుగైంది కాబట్టి కుదించిన పాఠం కూడా ఇచ్చింది. ఏది చదవాలన్నది ఇక్కడ మాత్రం గురువు చేతిలో ఉంది. కుదించిన పాఠంలో 5 నుంచి 15, 19 చివరి భాగం నుంచి 26, 39 మొదటి సగం, 40 నుంచి 42 వచనాలుంటాయి. పోయినవేవో వేలు పెట్టి వెతకండి. ఆమె బిందె అక్కడే వదిలి ఊళ్లోకి పోయి జనాన్ని కదిలించిన 28, 29, 30 వచనాలు పోయాయి. ఊరివాళ్లు చాలామంది నమ్మారన్న సగం ఉంది. ఆమె చెప్పిన సాక్ష్యం వల్ల నమ్మారన్న సగం లేదు. ఐదుగురు భర్తల ప్రస్తావన కూడా ఈ కోతలోనే పోయింది, ఆ మేరకు ఆమెకు మేలే జరిగిందనుకోవాలి. కాకపోతే 42లో ఊరివాళ్లు, ఇక నీ మాటను బట్టి కాదు, మేమే విన్నాం గనక నమ్ముతున్నామని ఆమెతో అనేది మాత్రం ఉంచారు. ఆమె మాట్లాడింది వినిపించకుండా, ఆమె మాట ఇక అక్కర్లేదన్నది మాత్రం వినిపిస్తే గుడిలో కూర్చున్న ఆడవాళ్లకు ఏం అందుతుంది?

తెలుగు నేల మీద ఈ పఠనం చదివి కారంచేడును తలుచుకోకుండా ఎట్లా దాటిపోతారు? 1985 జూలైలో మంచినీళ్ల చెరువును పాడుచేయొద్దన్న దగ్గర మొదలైన గొడవలో కమ్మ యువకులకు ఎదురు నిలిచి బిందె ఎత్తిన మాదిగ స్త్రీ మున్నంగి సువార్త. ఆ మరునాడు, 17న, ఆరుగురు మాదిగలను చంపారు. ప్రొటెస్టెంట్లు సువార్త అనేదాన్నే కాథలిక్కులు సువిశేషం అంటారు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చౌదార్ చెరువు నీళ్లు తాగిన రోజు కూడా, లెక్కేసి చూస్తే, తపస్కాలం మూడో ఆదివారమే. అప్పటి పట్టిక వేరు, ఆ రోజు చదివిన సువిశేషం వేరు. ఇందులో దైవసంకల్పం ఉందని మేము అనడం లేదు. రాసేవాళ్ల చేతికందే దూరంలో ఏముందో చూపిస్తున్నాం.

మరియమ్మ గీతం సంగతి ఇంకా విచిత్రం. సి సంవత్సరం ఆగమన కాలం నాలుగో ఆదివారం మరియమ్మ ఎలిశబేతమ్మ ఇంటికి పోయే పఠనం లూకా 1వ అధ్యాయం 39న మొదలై 45న ఆగుతుంది. సరిగ్గా మరియమ్మ నోరు తెరిచే ముందు! బి సంవత్సరం మూడో ఆదివారం ఆ గీతాన్ని కీర్తన స్థానంలో పెట్టారు. 46 నుంచి 50, ఆ తర్వాత 53, 54. మధ్యలో 51, 52 లేవు. బలవంతులను గద్దెల మీంచి దించి అణగారినవాళ్లను లేవనెత్తే వచనం ఆ 52. ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపే 53 ఉంది. అన్నం ఉంచారు, గద్దె తీసేశారు. ఎవరో కుట్ర పన్ని చేశారని మేము అనం. కానీ ఈ కోత మన చర్చి నడతకు అతికినట్టు సరిపోయింది. బడులు పెట్టారు, ఆసుపత్రులు పెట్టారు, మాలాంటి ఇళ్లలో మొదటి డిగ్రీలు ఆ బడుల పుణ్యమే. కుర్చీ దగ్గరికొచ్చేసరికి మాత్రం, హైదరాబాదుకు దళిత అగ్రపీఠాధిపతి రావడానికి 2000 దాకా, దేశానికి దళిత కార్డినల్ రావడానికి 2022 దాకా పట్టింది.

పోనీ, గీతం మొత్తం ఎవరికీ తెలియదా అంటే, గురువులూ మఠకన్యలూ రోజూ సాయంకాల ప్రార్థనలో పూర్తిగా చెప్పుకుంటారు. పూజలో పూర్తిగా వినాలంటే మే 31న, ఆగస్టు 15న, లేదా డిసెంబరు 22న పోవాలి. వారానికొక్క పూట గుడికొచ్చే కూలి మనిషికి ముక్కలే. ఆగస్టు 15 మోక్షారోపణ పండుగ, ఆ రోజే స్వాతంత్ర్య దినం. ధ్యానాలు దేశభక్తి మీదికో పాపం నుంచి విముక్తి మీదికో పోతాయి. ఐదు రోజుల ముందు, ఆగస్టు 10, క్రైస్తవ దళితులను ఎస్సీ జాబితా నుంచి వెలివేసిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తేదీ. సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో దాన్ని సవరించారు. ఆ మత నిబంధననే ఎత్తేయమని 2007లో మిశ్రా కమిషన్ చెప్పింది. పదో తేదీ ధర్నాలో కూర్చున్న గురువే పదిహేనో తేదీ ప్రసంగంలో దాని ఊసెత్తకపోతే ఆ ధర్నా ఎవరి కోసం?

భాష సంగతి ఒక్క మాట. ఈ ధ్యానాల్లో ఎక్కడ చూసినా ‘మనం’. మనమందరం పాపులం, మనమందరం మారాలి. రెడ్డి కాథలిక్కూ మాదిగ కాథలిక్కూ పాపంలో సమానమే. సమాధుల దొడ్డికి పోయినప్పుడు కూడా ఆ ‘మనం’ నిలుస్తుందా? చర్చి లోపల అంటరానితనం, వివక్ష ఉన్నాయని భారత కాథలిక్ పీఠాధిపతులే 2016 డిసెంబరు విధాన పత్రంలో ఒప్పుకున్నారు. ధ్యానాలు రాసేవాళ్లు తమ పీఠాధిపతులు ఒప్పుకున్నంత వరకైనా రావాలి గదా.

పొడుగు పాఠం చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది పట్టికలోనే ఉంది. 45 దగ్గర పఠనం ఆగినా, ప్రసంగం 55 దాకా పోవడానికి అడ్డులేదు. గుడిలో వాక్యం చదివే యువతీ యువకులు ఈ వచనాల సంఖ్యలు రాసుకుని, పూజకు ముందే గురువు దగ్గరికి పోయి ఈ వారం ఏ పాఠం చదువుతున్నారని అడగాలి. ఏం జవాబొచ్చిందో ఈ పేజీల్లో చర్చ పెడదాం.