ఊరూరా ఒక ఉడిపి

అమెరికాలో హోవార్డ్ జాన్సన్ అని నారింజ రంగు పైకప్పుల హోటళ్లుండేవి. ఒకప్పుడు వెయ్యికి పైమాటే. వాటిలో ఆఖరిది, న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ అనే ఊళ్లో ఉన్నది, 2022లో మూతపడింది. మనకీ అలాంటి బెంగ ఒకటుంది. కాకపోతే మన హోటళ్లకి కంపెనీ లేదు, ఒక యజమాని లేడు, మూతపడ్డ తేదీ కూడా లేదు. ఉడిపి హోటల్ అని బోర్డు కనపడితే చాలు, లోపల ఏం దొరుకుతుందో, ఎంతసేపట్లో దొరుకుతుందో రోడ్డు మీద ఉన్నవాడికే తెలిసిపోయేది.

మా తిరువూరు దారిన పోయేవాళ్ల ఊరు. విజయవాడలో బయల్దేరిన బస్సు మైలవరం దాటి ఇక్కడికొచ్చి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోతుంది. ఇలాంటి రోడ్డు మీద టిఫిన్ అంటే కండక్టరు టీ తాగి లేచేలోగా అయిపోవాలి. చంకలో పిల్లాడు, కాళ్ల దగ్గర సంచీ, ఒక కన్ను బస్సు మీద. అలాంటి మనిషికి ప్లేటు ఇడ్లీ పెట్టి, కాఫీ ఇచ్చి, చిల్లర లెక్కగట్టి పంపడం చిన్న పని కాదు. ఫాస్ట్ ఫుడ్ అన్న మాట మన బోర్డుల మీదికి ఎక్కకముందే ఆ పని జరుగుతుండేది.

ఆ వేగమంతా ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. బియ్యం, మినప్పప్పు నానబోసి, రుబ్బి, రాత్రంతా పులియనివ్వాలి. తెల్లారకముందే సాంబారు పొయ్యెక్కాలి, డికాక్షన్ దిగాలి. గిరాకీ కూర్చునేసరికి మిగిలే పని వడ్డించడమే. ఇక సర్వరు. ఏమున్నాయని అడిగితే గుక్క తిప్పుకోకుండా జాబితా అప్పజెప్పేవాడు. నాలుగు బల్లల మీది ఆర్డర్లు కాగితం ముట్టకుండా గుర్తుపెట్టుకుని, వంటగదిలోకి ఒక్క కేక వేసేవాడు. చేతి మీద వరసగా ప్లేట్లు పేర్చుకొచ్చి, సాదా అడిగినవాడికి సాదా, మసాలా అడిగినవాడికి మసాలా తడబడకుండా పెట్టేవాడు. మనం లేచి గల్లాపెట్టె దగ్గరికి చేరేలోపే, మనమెంత ఇవ్వాలో వెనక నుంచి అరుపు వినపడేది. ఇప్పుడు ట్యాబ్ మీద ఆర్డరు రాసుకున్న కుర్రాడు కూడా మసాలా ఎవరికండీ అని అడుగుతాడు. నాకు నవ్వొస్తుంది.

ఈ విద్యకి బడి లేదు. ఉడిపిలో శ్రీకృష్ణ మఠం, దాని చుట్టూ అష్టమఠాలు. వేలమందికి వండి వడ్డించడం అక్కడ నిత్యకృత్యం. 1923 వరదలు అప్పట్లో ఉడిపి ఉన్న దక్షిణ కన్నడను ముంచేశాక బతుకుదెరువు కోసం ఊళ్లు వదిలినవాళ్లకి చేతిలో ఉన్న పని అదే. మద్రాసు చేరి, వంటింటి పనివాడిగా మొదలైన కె. కృష్ణారావు 1938లో రాయపేటలో ఒక జమీందారు బంగళా అద్దెకు తీసుకుని వుడ్‌ల్యాండ్స్ పెట్టారు. ఆ బంగళా పేరే హోటల్ పేరైంది. 1962లో కార్లలోనే కూర్చుని తినే డ్రైవిన్ వుడ్‌ల్యాండ్స్ కూడా వచ్చింది. అదీ 2008లో పోయింది, ఇప్పుడక్కడ పార్కు ఉంది. కృష్ణారావుది పెద్ద పేరు. పేరు లేనివాళ్ల దారీ అదే. బల్లలు తుడవడంతో మొదలుపెట్టి, పిండి రుబ్బి, సర్వరై, గల్లా దగ్గర కూర్చుని, చివరికి ఇంకో ఊళ్లో సొంత బోర్డు. ఆ బోర్డు కింద బల్లలు తుడవడానికి సొంతూరి నుంచి మళ్లీ ఇంకో కుర్రాడు.

ఇంత మురిపెంగా రాస్తున్నాను గాని, ఆ బల్ల మొదట్లో అందరిదీ కాదు. బ్రాహ్మణ కాఫీ హోటల్ అని గొప్పగా రాసుకున్న రోజులున్నాయి, విడిగా కూర్చోబెట్టిన రోజులున్నాయి. మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక కేఫ్ బోర్డు మీది ఆ మాట తీయించడానికి 1957లో పెరియార్ నెలల తరబడి ఉద్యమం నడిపించాల్సి వచ్చింది. ఎస్సీ నియోజకవర్గమైన మా తిరువూరులో ఈ జ్ఞాపకాలు అందరికీ ఒకేలా తీపిగా ఉంటాయని నేననుకోను.

మరి ఆ హోటళ్లు ఎందుకు తగ్గిపోయాయి? నాలుక మారిందంటారు. నేను నమ్మను. 2024లో బెంగళూరు రామేశ్వరం కేఫ్ హైదరాబాదులో తలుపు తీస్తే జనం ఆ ఇడ్లీ, దోసెల కోసమే వరసకట్టారు. రుచి ఉంది, డబ్బుంది. రానిది సొంతూరి కుర్రాడు. 1925లో ఉడిపిలో పుట్టిన సిండికేట్ బ్యాంకు ఊరూరా శాఖలు తెరిచింది. పక్కనే మణిపాల్‌లో 1953లో మెడికల్ కాలేజీ, ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అక్కడి పిల్లలు చదువుకున్నారు. చదువుకున్న పిల్లాడు పరాయి ఊళ్లో ఎంగిలి ప్లేట్లు ఎందుకు తీస్తాడు? బోర్డు చేతులు మారుతూ పోయింది. పొయ్యి దగ్గర ఇప్పుడు ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన మాస్టరుంటాడు. వాళ్ల దోసెకి వంక పెట్టను, చేయి తిరిగినవాళ్లే.

అన్నట్టు, ఉడిపి సాంబారులోని బెల్లం మా కృష్ణా జిల్లా నోటికి (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అనాలి) పూర్తిగా సయించింది కూడా లేదు. అల్లప్పచ్చడి, నెయ్యీ కారప్పొడీ మేం పట్టుబట్టి ఆ ప్లేట్లోకి తెచ్చుకున్నవే. వాటి విషయంలో ఇవాళ రోడ్డు పక్క టిఫిన్ బండే మేలు. నేను తినే బండి భార్యాభర్తలది. ఆయన దోసె పోస్తాడు, ఆవిడ పచ్చళ్లు చూస్తుంది. కూతురు విజయవాడలో బీటెక్ చదువుతోంది. మీ తర్వాత ఈ బండి ఎవరు చూస్తారమ్మా అని మొన్న అడిగాను.

"ఎవరూ చూడక్కర్లేదు బాబాయ్ గారూ. ఈ పొగ మాతోనే పోనివ్వండి" అంది.

ఉడిపిలో ఏ తల్లో ఎప్పుడో ఈ మాటే అని ఉంటుంది.