హార్మోనియం మెట్ల మీద మనోధర్మం

జాజ్ పియానో వాయించేవారు ముందు పాట బాణీని ఉన్నదున్నట్టు వినిపిస్తారు. తర్వాత దాని స్వరాల అల్లికనే ఆసరా చేసుకుని, అప్పటికప్పుడు తోచిన పోకడలు పోయి, చివరికి మళ్లీ బాణీ దగ్గరికే వచ్చి ఆగుతారు. ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. మన చెవికి మాత్రం ఇది కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో పాట పాదాన్ని విస్తరించే నెరవులోనూ, అప్పటికప్పుడు స్వరాలు అల్లే కల్పనస్వరాల్లోనూ మన విద్వాంసులు చేసేది ఇలాంటిదే. ఎంత దూరం విహరించినా ఎత్తుగడ చోటికి తప్పకుండా చేరాలి. దీనికి మన పేరు మనోధర్మం.

నెల్లూరులో ఈ విద్య హరికథ పందిట్లో బతికింది. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండతో కథ చెప్పే దాసుగారు నిలబడతారు. సభ నాడి చూసి పిట్టకథ పెంచుతారు, పద్యం సాగదీస్తారు, రాగం మారుస్తారు. ఆయన ఎటు మళ్లితే హార్మోనియం అటు మళ్లాలి. ముందు రాసిపెట్టుకున్న కాగితం ఉండదు. చెవే ఆధారం.

అలాంటి హరికథా గాయకుడు నెల్లూరు ఎస్.పి.సాంబమూర్తి. ఆయన కుమారుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తండ్రి సంగీతం వింటూ పెరిగాడు, హార్మోనియం, వేణువు నేర్చుకున్నాడు. యౌవనంలో నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజా గిటారు, ఆ తర్వాత హార్మోనియం వాయించేవారు.

హార్మోనియానికి ఒక లోపం ఉంది. ఒక మెట్టు నొక్కితే ఒక స్వరమే పలుకుతుంది. వీణ తీగలా లాగి గమకం పలికించడం కుదరదు. ఈ కారణం కూడా చూపి ఆకాశవాణి 1940లో దాన్ని దూరం పెట్టింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. కానీ బాణీ కట్టేవారికి ఆ లోపమే మేలు చేస్తుంది. ఎడమచేత్తో తిత్తి ఆడిస్తూ, కుడిచేతి వేళ్లతో వెతుకుతుంటే పల్లవి నడక స్పష్టంగా ఖాయమవుతుంది. మెట్లకు అందని గమకం, విరుపు, ఊపిరి గాయకుడి వంతు.

గాయకుడే బాణీ కడితే ఆ వంతు ఎంతో ముందే తెలుస్తుంది. 1966లో సినిమా గాయకుడైన బాలసుబ్రహ్మణ్యం (బాలు), 1977లో దాసరి తీసిన 'కన్యాకుమారి'తో సంగీత దర్శకుడయ్యాడు. నెల్లూరు జిల్లాకే చెందిన సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి' (1985)లో నాట్యానికి తగిన నడకలు సమకూర్చాడు. జంధ్యాల అమెరికాలో తీసిన 'పడమటి సంధ్యారాగం' (1987)కు స్వరాలు కట్టాడు. శాస్త్రీయ నాట్యం ఒక కథకు, పరాయి దేశపు నేపథ్యం మరో కథకు. రెండింటికీ చాలిన చెవి ఒక్కటే.

గాయకుడి కీర్తి వెనక ఈ స్వరకర్తను మనం సగమే చూశాం. 2020 ఫిబ్రవరిలో నెల్లూరులోని తండ్రిగారి ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చిన బాలు, అదే ఏడాది సెప్టెంబరు 25న కన్నుమూశారు.

పిల్లలకు కీబోర్డు కొనిపెట్టే తల్లిదండ్రులకు ఒక మనవి. మీట నొక్కితే తాళం దానంతటదే మోగుతుంది గానీ మనోధర్మం మోగదు. ఊళ్లో హరికథ జరిగే రాత్రి ఆ పిల్లల్ని తీసుకెళ్లి, హార్మోనియం పక్కనే కూర్చోబెట్టండి. హరికథే లేని ఊళ్లో ఈ శ్రీరామనవమికి ఒక దాసుగారిని పిలిపించండి.